పేలిన టైరు... పాపం ఎవరిది?

2010 అక్టోబర్ 25. పుణె నుంచి ముంబైకి ఒక కారు పోతోంది. లోపల ముగ్గురున్నారు. ముగ్గురూ కలిసి ఉద్యోగం చేసేవాళ్లే. బండి వాళ్లలో ఒకరిది. నడుపుతున్నదీ ఆయనే.

మిగతా ఇద్దరిలో ఒకాయనకు ముప్పై ఎనిమిదేళ్లు. ఇంట్లో భార్య, చిన్న కూతురు, వయసు మీదపడిన తల్లిదండ్రులు. ఆ ఇంటికి సంపాదించి పెట్టేది ఆయన ఒక్కడే.

బండి మంచి వేగం మీదుంది. ఒకచోట వెనక టైరు పేలింది. కారు అదుపు తప్పింది. రోడ్డు దిగి లోతైన గోతిలో పడింది. ముప్పై ఎనిమిదేళ్ల ఆ మనిషి అక్కడికక్కడే ప్రాణం వదిలాడు.

ఇలాంటి వార్తలు మనం ఎన్ని చదవలేదు? ‘టైరు పేలి కారు బోల్తా’ అని నాలుగు వాక్యాలు వస్తాయి. చదివినవాళ్లు అయ్యో అంటారు. పరామర్శకు వచ్చినవాళ్లు ‘రాత అట్లుంది, ఎవరేం చేస్తరు’ అని ఓదార్చి వెళ్తారు. అక్కడితో కథ ముగుస్తుంది. ఈ కుటుంబం కథ మాత్రం అక్కడ ముగియలేదు. ఆ టైరు ఎందుకు పేలిందన్న ప్రశ్న ప్రమాదం జరిగిన పన్నెండేళ్లకు గానీ కోర్టుల్లో తేలలేదు. చివరికి వచ్చిన జవాబు మన కేసముద్రంలో కారున్న ప్రతి ఇంటికీ, కిరాయి బండి ఎక్కే ప్రతి మనిషికీ తెలియాల్సింది.

వెనక టైరు పేలితే

ముందు టైరు పేలితే స్టీరింగు ఆ పక్కకు గుంజుతుంది. డ్రైవరుకు వెంటనే చేతుల్లో తెలుస్తుంది. వెనక టైరు పేలితే స్టీరింగు మామూలుగానే ఉన్నట్టు ఉంటుంది, బండి వెనక భాగం మాత్రం పక్కకు తన్నుకుపోతుంది. చప్పుడుకు అదిరిపడ్డ కాలు తనకు తెలియకుండానే బ్రేకు మీద పడుతుంది. బ్రేకు పడగానే బండి బరువంతా ముందుకు ఒరుగుతుంది, వెనక చక్రాల మీద బరువు తగ్గుతుంది. అసలే పట్టు పోయిన వెనక భాగం ఇంకా తేలికై బండినే తిప్పేస్తుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 25 మీటర్లు పోతుంది. ఏం జరిగిందో అర్థమయ్యేలోపే యాభై మీటర్లు దాటిపోతుంది.

అందుకే టైరు విషయంలో చేయాల్సింది ఏదైనా చక్రం కదలకముందే చేయాలి.

కోర్టులో దేవుడి పేరు

చనిపోయిన మనిషి కుటుంబం నష్టపరిహారం కోసం పుణెలోని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లింది. బండిని వేగంగా, అజాగ్రత్తగా నడపడం వల్లే ప్రమాదం జరిగిందన్నది వాళ్ల వాదన. ఏళ్లు గడిచాయి. 2016లో ట్రిబ్యునల్ వాళ్లకు కోటీ పాతిక లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది.

బీమా కంపెనీ ఒప్పుకోలేదు. బాంబే హైకోర్టుకు అప్పీలుకు వెళ్లింది. పరిహారం మరీ ఎక్కువైందన్నది ఒక వాదన. రెండోది మనందరికీ బాగా పరిచయమున్న మాటే: టైరు పేలడం దేవుడి చర్య, అందులో మనిషి తప్పేమీ లేదు.

కేసు జస్టిస్ ఎస్.జి. డిగే ముందుకు వచ్చింది. 2023లో ఆయన తీర్పు ఇచ్చారు. దైవ చర్య అంటే ఎవరూ ఊహించని, ఏ మనిషికీ బాధ్యత లేని తీవ్రమైన ప్రకృతి ఘటన అన్నారు. టైరు పేలడం ఆ కోవలోకి రాదనీ, అది మనిషి నిర్లక్ష్యమేననీ స్పష్టం చేశారు. అక్కడితో ఆగకుండా టైర్లు ఎందుకు పేలుతాయో కూడా వరసగా చెప్పారు: అతివేగం, తక్కువ గాలి, మితిమీరిన గాలి, వాడేసిన పాత టైర్లు, వేడి. ప్రయాణానికి ముందు టైరు ఎలా ఉందో చూసుకోవాల్సిన బాధ్యత డ్రైవరుదో, యజమానిదో అవుతుందన్నారు. అప్పీలు కొట్టేశారు.

ఆ ఇంటికి న్యాయం దక్కింది. మనిషి మాత్రం తిరిగి రాలేదు.

ఇలాంటి సాకు ఇంకోచోట కూడా వినబడింది. 2023 జులై 1 తెల్లవారకముందు మహారాష్ట్రలోని బుల్ధానా జిల్లాలో, సమృద్ధి మహామార్గం మీద నాగ్‌పూర్ నుంచి పుణె వెళ్తున్న ప్రైవేటు బస్సు బోల్తాపడి కాలిపోయింది. పాతికమంది చనిపోయారు. బతికి బయటపడ్డ డ్రైవరు టైరు పేలిందన్నాడు. రవాణా శాఖ అధికారులు పరిశీలిస్తే టైరు పేలిన ఆనవాళ్లే కనబడలేదు. టైరు పేలిందంటే ఇక ఎవరూ ఏమీ అడగరన్న ధీమా మనలో అంతగా నాటుకుపోయింది. అడగాలి. హైకోర్టు చెప్పిన ఆ ఐదు కారణాలను పట్టుకుని ఒక్కొక్కటీ అడగాలి.

గాలి తక్కువైతే

టైరంటే రబ్బరు ఒక్కటే అనుకుంటాం. లోపల పాలిస్టర్, నైలాన్ దారాల పొరలుంటాయి. వాటి మీద సన్నని ఉక్కు తీగల బెల్టులు. అన్నిటికీ పైన రోడ్డును పట్టుకునే బటన్ల రబ్బరు. బండి బరువును చాలావరకు మోసేది మాత్రం లోపల బిగించిన గాలి.

గాలి తగ్గితే టైరు పక్కలు నలగడం మొదలవుతుంది. చిన్న కారు టైరు ఒక చుట్టు తిరిగితే రెండు మీటర్లకు కాస్త తక్కువ దూరం పోతుంది. 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు పదకొండు, పన్నెండు సార్లు నలిగి లేస్తుంది. ప్రతి నలుగుడుకూ వేడి పుడుతుంది. వేడి పెరిగినకొద్దీ రబ్బరుకూ ఉక్కు తీగలకూ మధ్య అతుకు బలహీనపడుతుంది. పొరలు విడిపోతాయి. ఒకచోట ఉబ్బు తేలుతుంది, స్టీరింగులో వణుకు మొదలవుతుంది. పట్టించుకోకుండా అలాగే తోలితే ఆ చోటే పగులుతుంది. బయటివాళ్లకు ఒక్క క్షణంలో పేలినట్టు కనబడే టైరు నిజానికి రోజుల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి లోపల్లోపలే చస్తూ ఉంటుంది.

పంక్చర్ లేకపోయినా టైరులో గాలి నెలకు ఒక పాయింటు (పీఎస్ఐ) దాకా తగ్గుతుంది. ‘కంటికి మంచిగనే కనబడుతుంది’ అన్న మాటను నమ్మడానికి లేదు. ఇప్పటి రేడియల్ టైరు ఏడెనిమిది పాయింట్లు తగ్గినా చూపుకు పెద్ద తేడా కనబడదు. మీటరు పెడితేనే తెలుస్తుంది.

ఈ ఒక్క విషయం ఎంత దూరం పోగలదో అమెరికా అనుభవం చెబుతుంది. 2000 ఆగస్టు 9న ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. వాటిలో ఎక్కువ భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసినవి. వేగంలో ఉండగా పైన రబ్బరు పొర ఊడిపోయి బండ్లు బోల్తాపడ్డాయి. ఆ టైర్లతో ముడిపడిన మరణాలు 271 అని అక్కడి రోడ్డు భద్రతా సంస్థ తేల్చింది. టెక్సస్, ఫ్లోరిడా, ఆరిజోనా, కాలిఫోర్నియా వంటి వేడి రాష్ట్రాల్లో ఈ ప్రమాదాలు ఎక్కువ. గల్ఫ్ దేశాల్లో ఇదే గోల రావడంతో 1999లోనే ఫోర్డ్ అక్కడ టైర్లు మార్చి ఇచ్చింది. టైరు తయారీలోని లోపాల మీద ఎంత చర్చ జరిగిందో, గాలి మీద కూడా అంత జరిగింది. ఆ బండికి 26 పాయింట్లు చాలని ఫోర్డ్ చెప్పింది, 30 ఉండాలని ఫైర్‌స్టోన్ అంది. నాలుగు పాయింట్ల గాలి మీద రెండు పెద్ద కంపెనీలు బాహాటంగా కొట్లాడుకున్నాయి. 2000లోనే అమెరికా కొత్త చట్టం చేసింది. టైరులో గాలి తగ్గితే డ్రైవరు ముందు వెలిగే హెచ్చరిక దీపం అక్కడి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి కావడం ఆ చట్టం ఫలితమే. మన దగ్గర కూడా ఆ దీపం ఉన్న కార్లు తిరుగుతున్నాయి. అది వెలిగితే ‘సెన్సారు ఖరాబైంది’ అని వదిలేయొద్దు. ముందు గాలి చూపించాలి.

గాలి ఎక్కువైతే

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తప్పు ఇంకొకటుంది. పంక్చర్ షాపులో ‘నలభై కొట్టు అన్నా, నెల దాకా చూసే పనుండదు’ అనడం. గాలి మితిమీరితే టైరు నడుమ ఉబ్బి రోడ్డును నడుమ భాగంతోనే తాకుతుంది. పట్టు తగ్గుతుంది, బ్రేకు వేసినప్పుడు బండి ఆగే దూరం పెరుగుతుంది. బిగుసుకుపోయిన టైరు గుంతలో పడితే దెబ్బంతా లోపలి దారాలకు తగులుతుంది. దారం తెగినచోట టైరు పక్కన చిన్న ఉబ్బు వస్తుంది. ఆ ఉబ్బున్న టైరుకు వైద్యం లేదు, మార్చాల్సిందే.

ఎంత గాలి పెట్టాలో చెప్పాల్సింది షాపతను కాదు. డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద గానీ, పెట్రోలు ట్యాంకు మూత లోపల గానీ చిన్న స్టిక్కరు ఉంటుంది. ఇద్దరు ఎక్కితే ఎంత, నిండా మనుషులు, సామాను ఉంటే ఎంత అని దాని మీద వేరువేరుగా రాసి ఉంటుంది. టైరు పక్కన గాలికి సంబంధించి అచ్చు వేసి ఉండే అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ ఒత్తిడి. అది పెట్టాల్సిన గాలి కాదు.

వేడి, బరువు, వేగం

మన మానుకోట (మహబూబాబాద్) జిల్లాలో ఎండాకాలం ఎట్లుంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం తారు రోడ్డు గాలికన్నా ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది. టైరులో వేడి అయిదారు డిగ్రీలు పెరిగితే గాలి ఒత్తిడి సుమారు ఒక పాయింటు పెరుగుతుంది. అందుకే గాలి ఎప్పుడూ బండి చల్లగా ఉన్నప్పుడు, తెల్లవారి తీయకముందో, రెండు మూడు కిలోమీటర్లు దాటకముందో చూపించాలి. ఎండలో వరంగల్ దాకా తోలి, అక్కడ మీటరులో ఎక్కువ కనబడిందని గాలి తీయించేస్తే సాయంత్రం చల్లబడ్డాక అదే తక్కువ గాలి అవుతుంది.

ఇక బరువు. మేడారం జాతరకు, పెళ్లిళ్లకు, కురవి వీరభద్రస్వామి దర్శనానికి ఐదుగురి బండిలో ఎనిమిదిమంది ఎక్కడం మామూలైపోయింది. పైన క్యారియర్ మీద సామాను, డిక్కీలో బియ్యం సంచి. టైరు పక్కన 88 అని అంకె ఉంటే ఆ ఒక్క టైరు 560 కిలోల దాకా మోయగలదని అర్థం. అదీ గాలి సరిగ్గా ఉన్నప్పుడే. గాలి తగ్గితే ఆ బలమూ తగ్గుతుంది. మిర్చి ఏరే కూలీలను పొద్దుగాల్నే చేన్లకు తీసుకుపోయే ఆటోలకు కూడా ఈ లెక్క వర్తిస్తుంది. ఆ ఆటోలో ఇరుక్కుని కూర్చున్న ఆడవాళ్లకు టైరు చూసే తీరిక ఉండదు, అడిగే చనువూ ఉండదు. వాళ్ల తరఫున చూడాల్సింది నడిపేవాళ్లే.

వేగం రెట్టింపైతే గుద్దుకున్నప్పుడు దెబ్బ బలం నాలుగు రెట్లవుతుంది. టైరులో వేడి కూడా వేగంతో పాటే ఎక్కుతుంది. రాత్రిపూట వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి రోగిని తీసుకుపోయే కిరాయి బండికి తొందర ఉంటుంది, ఉండాలి కూడా. ఆ తొందరను టైర్లు మోయగలవా లేదా అన్నది మాత్రం ముందురోజే చూసి పెట్టుకోవాలి.

బటన్ బాగున్నా టైరు ముసలిదే

మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారు టైరుకు బటన్ లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. బైకులకు, ఆటోలకు 0.8. దీన్ని కొలవడానికి పరికరం అక్కర్లేదు. టైరు గాళ్ల అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు గట్లుంటాయి. బటన్ అరిగి ఆ గట్లతో సమానమైతే టైరు ఆయుష్షు తీరినట్టే. గాళ్లున్నది వాన నీళ్లను పక్కకు తోయడానికి. గుండు టైరు నీళ్లను తోయలేదు, వాటి మీద తేలుతుంది. తేలిన బండికి స్టీరింగూ పనిచేయదు, బ్రేకూ పనిచేయదు.

బటన్ నిండుగా ఉన్నా మోసపోయేది వయసు దగ్గర. హాలీవుడ్ నటుడు పాల్ వాకర్ 2013 నవంబర్ 30న కారు ప్రమాదంలో చనిపోయాడు. అతివేగమే కారణమని దర్యాప్తులో తేలింది. దాంతోపాటు ఆ కారు టైర్లు తొమ్మిదేళ్ల నాటివని, వాటివల్ల బండి పట్టు దెబ్బతిని ఉండొచ్చని కూడా అధికారులు చెప్పారు. పెద్దగా తిరగని కారు, ఖరీదైన కారు. అయినా రబ్బరుకు వయసు ఆగదు. ఎండ, గాలి తగిలి అది గట్టిపడుతుంది, పక్కల్లో సన్నని పగుళ్లు వస్తాయి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు రంగు చూస్తాం, ఏసీ చూస్తాం, తిరిగిన కిలోమీటర్లు చూస్తాం. టైరు పక్కన నాలుగంకెల తేదీ చూసేవాళ్లు తక్కువ. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఐదేళ్లు దాటిన టైరును ఏటా మెకానిక్‌కు చూపించాలని, పదేళ్లు నిండితే ఎంత బాగా కనబడినా తీసేయాలని టైరు కంపెనీలు చెబుతాయి. మన ఎండలకు అంతకన్నా ముందే జాగ్రత్తపడటం మేలు. అరిగిన కారు టైరుకు మళ్లీ గాళ్లు కోసి అమ్మితే కొనొద్దు. కోత పడింది ఉక్కు తీగలను కాపాడే చివరి రబ్బరు మీద.

మన పట్టాల మీద రోజూ జరిగే పని

ముందే చూసుకునే అలవాటు ఎలా ఉంటుందో మన పక్కనే కనబడుతుంది. కాజీపేట–విజయవాడ రైలు మార్గం మన కేసముద్రం మీదుగానే పోతుంది. ఆ పట్టాలను తనిఖీ చేసే రైల్వే కీమ్యాన్ వాటి వెంట రోజూ నడుస్తాడు. నిన్న బాగుంది కాబట్టి ఈరోజూ బాగుంటుందని ఆయన అనుకోడు. పట్టాలను పట్టి ఉంచే కీ వదులైతే సుత్తితో బిగిస్తాడు, పగులు కనబడితే రైలు ఆపుతాడు. 2024 సెప్టెంబర్ 1న కుండపోత వానకు ఇంటికన్నె–కేసముద్రం మధ్య పట్టాల కింద కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఆ దృశ్యం మనమంతా చూశాం. దాన్ని దైవ చర్య అంటే ఒప్పుకోవచ్చు. అప్పుడు కూడా రైళ్లు ఆపేశారు, రాత్రింబవళ్లు పనిచేసి లైను బాగు చేశాకే మళ్లీ నడిపారు. ప్రకృతి విరుచుకుపడినప్పుడే అంత జాగ్రత్త చూపిన మనుషులున్న చోట, చేతికి అందే టైరును పదిహేను రోజులకోసారి చూడలేకపోవడానికి కారణం దొరకదు.

చూసుకోవాల్సింది ఇంతే

• పదిహేను రోజులకోసారి, దూర ప్రయాణానికి ముందు తప్పకుండా, చల్లటి టైరుకు గాలి చూపించాలి. పెట్రోలు బంకులో దీనికి డబ్బు తీసుకోరు.

• స్టెపినీకీ గాలి చూపించాలి. జాకీ, పానా బండిలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. చిన్న సైజు స్టెపినీ వేస్తే దాని మీద రాసిన వేగం దాటొద్దు.

• పక్కల్లో ఉబ్బు, కోత, పగుళ్లు, బటన్‌లో దిగిన మేకు ఉన్నాయేమో చేత్తో తడిమి చూడాలి. బటన్‌లో పడ్డ చిన్న రంధ్రానికి పంక్చర్ వేయొచ్చు. పక్కకు పడితే వేయొద్దు.

• టైరు ఒకవైపే అరిగితే అలైన్‌మెంట్ చేయించాలి. స్టీరింగు వణికితే బ్యాలెన్సింగ్ చూపించాలి. ఎనిమిది, పది వేల కిలోమీటర్లకోసారి టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్పించాలి.

• రెండే కొత్త టైర్లు కొంటే వెనక వేయించాలి. తడి రోడ్డు మీద వెనక భాగం జారితే బండిని నిలబెట్టడం కష్టం.

• ఒకవేళ టైరు పేలితే బ్రేకు మీద కాలు పడనీయొద్దు. స్టీరింగును రెండు చేతులతో గట్టిగా, నేరుగా పట్టుకోవాలి. యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీయాలి. బండి తనంతట తాను నెమ్మదించాక నాలుగు లైట్లు వేసి రోడ్డు పక్కకు తీయాలి.

• ముందు, వెనక కూర్చున్న అందరూ సీటు బెల్టు పెట్టుకోవాలి. టైరు పేలాక మనిషికి మిగిలే ఆధారం అదే.

దసరా రోజు మన ఇళ్లలో బండి కడిగి, బొట్టు పెట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. ఆ భక్తి నిండు మనసుతో చేసేదే. నిమ్మకాయ పెట్టడానికి వంగినప్పుడే బటన్ కూడా చూడాలి, తేదీ చదవాలి, పక్కల మీద చేయి తిప్పాలి. పిల్లలను కూడా దగ్గరికి పిలిచి చూపించాలి. మంచిగ లేని టైరు కనబడితే పూజ అయ్యాక ఆ బండిని ఊరు దాటించకుండా ముందు షాపుకు తోలాలి. కిరాయి బండి మాట్లాడుకునేటప్పుడు రేటుతో పాటు ‘టైర్లెట్లున్నయి?’ అని అడగడం మనకు అలవాటు కావాలి. అడిగితే డ్రైవరుకు కోపం వస్తుందేమోనని మొహమాటపడొద్దు. పుణె కేసులోని కుటుంబానికి కోటీ పాతిక లక్షల తీర్పు ఖాయమయ్యేసరికి పన్నెండేళ్లు దాటింది. వాళ్లు పోగొట్టుకున్నదాన్ని పోకుండా ఆపగలిగి ఉండేవి బహుశా ఒక మీటరు, పది నిమిషాల సమయం. మనకు ఆ రెండూ ఇప్పుడే, మన ఊరి బంకులోనే ఉన్నాయి. వాడుకుందాం.